పేర్లు కాలిపోయిన కేకులు

ఆ రోజుల్లో సొంత వ్యాపారం గురించి నాకు తెలిసింది ఒక్క ముక్కే: షాపు మనదైతే పొద్దున్నే మనల్ని ఎవరూ లేపరు. లాలాగూడలో బేకరీ పెట్టాక అర్థమైంది, ఎవరూ లేపకపోవడానికి కారణం మనం అసలు పడుకోకపోవడమేనని. తొమ్మిదో తరగతిలోనే బడికీ నాకూ తెగతెంపులైపోయాయి (ముందు మొహం చాటేసింది నేనే, కానీ బడి కూడా పెద్దగా బతిమాలలేదు). రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మా నాన్న నన్ను తనతోపాటే అక్కడ ఏదో పనిలో పెట్టించాలని చూస్తుంటే, నేను వెళ్లి మూతబడ్డ బేకరీ ఒకటి కట్టెల భట్టీతో సహా అద్దెకు తీసుకున్నాను. నాన్న అరవలేదు. "క్రిస్మస్ దాకా నడుపు. నడిచిందా, నీ అదృష్టం. లేదా, జనవరిలో తాళం వేసి నా వెనకాల వర్క్‌షాపుకి నడువు. మా ఫోర్‌మన్‌తో మాట్లాడి ఉంచాను," అన్నారు. అరిచి ఉంటే బాగుండేది.

వ్యాపారంలో కష్టాలంటే పిండి రేటు, కట్టెల తడి అనుకుంటాం. అసలు కష్టం ఏమిటంటే, యజమాని అయిన మర్నాటి నుంచి మనం చేసే తప్పు తప్పని మనకెవరూ చెప్పరు. భట్టీ దగ్గర పనిచేసే ఉస్తాద్ మా నాన్న ఈడువాడు. నన్ను మాత్రం 'సేట్' అనేవాడు. ఆ పిలుపు చెవిన పడగానే నా మెడ కాస్త పొడుగయ్యేది, ఆ మేరకు బుర్ర కురచయ్యేది.

మా క్రిస్టియన్ ఇళ్లలో క్రిస్మస్‌కి ముందు కేకు పిండి ఇంట్లోనే కలిపి, గిన్నెతో బేకరీకి తెచ్చి కాల్పించుకునేవాళ్లు. ఓవెన్ ఎవరింట్లోనూ ఉండేది కాదు, పంతం మాత్రం అందరిళ్లలోనూ ఉండేది. ఎవరు చక్కెర ఎంత నల్లగా మాడ్చారో, ఎండు ద్రాక్ష దేనిలో నానబెట్టారో కన్నకూతురికి కూడా చెప్పేవాళ్లు కాదు. ఎన్నో ఏళ్లుగా పక్క గల్లీలోని పాత బేకరీకి వెళ్లే ఆ గిన్నెలన్నిటినీ, అమ్మ పేరు చెప్పుకుని, చర్చి మెట్ల మీద నిలబడి బతిమాలి, ఆ ఏడు నా వైపు తిప్పుకున్నాను. వీళ్లు మెచ్చితే ఏడాది పొడుగునా బ్రెడ్డూ బన్నూ నా దగ్గరే. మెచ్చకపోతే నేను ఫోర్‌మన్ దగ్గర.

గిన్నెల్లోని పిండి పోయడానికి అన్నీ ఒకే సైజు కొత్త టిన్నులు కొన్నాను. చూడ్డానికి సైన్యంలా ఉండాలని నా సరదా. మరి ఎవరిది ఏదో తెలియాలి కదా? కాగితం ముక్కల మీద పేర్లు రాసి, సినిమా పోస్టర్లకి పూసినట్టు మైదా బంక పూసి, ఒక్కో టిన్నుకీ అతికించాను. ఉస్తాద్ వాటిని చూశాడు, నన్ను చూశాడు, గొంతు సవరించుకున్నాడు, టిన్నులు భట్టీలోకి తోశాడు.

తలుపు తీసేసరికి టిన్నులున్నాయి, కేకులున్నాయి, పేర్లు లేవు. నల్లటి పొరలు మాత్రం ముట్టుకుంటే రాలుతున్నాయి. (మంటలో కాగితం కాలుతుందనే సంగతి తొమ్మిదో తరగతి లోపే చెప్పారనుకుంటాను. ఆ రోజు నేను బడికి వెళ్లి ఉండను.)

"ఉస్తాద్! నువ్వన్నా చెప్పొద్దా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నువ్వు సేటువి. నువ్వు చేసినంక నేనెట్ల కాదంట? గిదేదో కొత్త తరీఖా అనుకున్న," అన్నాడు.

బయట బెంచీ మీద ఆడవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. అందరికంటే ముందు సండేస్కూల్ టీచరమ్మ, చివర మా అమ్మ. మా అందరికీ చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన చెయ్యి టీచరమ్మది. కేకులన్నీ బల్ల మీద పరిచి, జరిగింది చెప్పేశాను.

"ఏందిరా గిది?" అని లేచింది మౌలాలి నుంచి వచ్చిన మా మేనత్త. "ఇంత పరేషాన్ చేస్తవా? పాత బేకరీల గిట్ల ఎన్నడన్న అయిందా? అక్కడికే పోతుంటి, మీ అమ్మ మొహం జూసి వచ్చిన!"

"నా చేతి కేకు నాకు తెలీదా?" అంటూ టీచరమ్మ నేరుగా వచ్చి, అన్నిటికంటే ఎత్తుగా, నున్నగా పొంగినదాన్ని తీసుకుంది. అది మా అమ్మది. ఆ పొంగు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నోరు తెరవబోతే అమ్మ నా కాలు తొక్కింది. ఆ తరవాత ఎత్తును బట్టి ఒక్కొక్కరూ ఒక్కొక్కటి గుర్తుపట్టేశారు. చివరికి బల్ల మీద ఒక్కటే మిగిలింది. నడుమ గుంట పడి, అంచులు మాడి, ఎవరో మీద కూర్చుని లేచినట్టుంది.

"గిది ఎవరిదమ్మా?" అంది అత్త.

అందరూ చేతిలో ఉన్న కేకును గట్టిగా పట్టుకుని నా వైపు చూశారు. ఎవరిదీ కాదంటే ఇక తప్పు భట్టీది, అంటే నాది. అత్త అప్పుడే చెప్పుల్లో కాళ్లు దూరుస్తోంది.

"అది నాదేనండీ," అంది అమ్మ. "ఈసారి సోడా ఎక్కువ పడినట్టుంది. వాడి భట్టీ బాగానే కాల్చింది పాపం."

ఒక్కసారిగా అందరి మొహాలూ వికసించాయి. కేకులో ఇన్నేళ్లూ తమని ఓడించిన మనిషిని ఓదార్చే అవకాశం మళ్లీ మళ్లీ రాదు కదా! "పోన్లే వదినా, ఒక్కోసారి అవుతుంది. కొలత నేను చెప్తాలే, నేర్చుకుందువు గాని," అంది టీచరమ్మ, అమ్మ కేకును పొదివి పట్టుకుని. వెళ్తూ వెళ్తూ న్యూ ఇయర్ కేకు కూడా నాకే చెప్పి వెళ్లింది. అత్త వెనక్కొచ్చి బన్నులు కొంది.

క్రిస్మస్ రోజు ఇంటింటికీ కేకు ముక్కలు పళ్లేల్లో తిరుగుతాయి. టీచరమ్మ ఇంటి నుంచి వచ్చిన ముక్క నోట్లో వేసుకుని నాన్న ఆగిపోయారు. "ఇది మనింటి కేకు కదే?"

"మాట్లాడకుండా తినండి," అంది అమ్మ.

నాన్న తిన్నారు. తింటున్నంతసేపూ అమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశారు. సాయంత్రం షాపుకొచ్చి, సుత్తీ, ఇనుము మీద అంకెలు కొట్టే ఉలులూ బల్ల మీద పెట్టి, "టిన్నులు పట్రా," అన్నారు. ఒక్కో టిన్ను అంచు మీద ఒక్కో అంకె కొడుతూ కూర్చున్నారు. ఫోర్‌మన్ ఊసు ఎత్తలేదు. చివరి టిన్ను మాత్రం ఖాళీగా వదిలేశారు.

"దీనికి కొట్టలేదేం నాన్నా?"

"అది మీ అమ్మది. మిగిలింది తీసుకుంటుందిగా."

ఇప్పుడు నా దగ్గర కరెంటు ఓవెనుంది, 'సార్' అని పిలిచే కుర్రాళ్లున్నారు. నేను ఏ వెధవ పని చేస్తున్నా చూసి గొంతు సవరించుకుంటారు, అంతే. అంకె లేని ఆ టిన్నులో ఇప్పటికీ మా కేకు ఒకటి కాలుస్తాను. పిండి తెచ్చినవాళ్లెవరైనా కేకు గుంట పడిందని మొహం చిన్నబుచ్చుకుంటే, "ఇది మాదేలెండి, కలిసిపోయింది," అని మంచిది ఇచ్చి పంపుతుంటాను. గుంట పడ్డది ఇంటికి తెచ్చుకుని తింటాను. అమ్మ ఆ ఏడు ఇంటికి తెచ్చినదానికంటే బాగానే ఉంటుంది. ఆనాటి కేకులో ఎవరో చక్కెర అనుకుని ఉప్పు వేశారు. ఎవరో నాకు తెలుసు. చెవి మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, బయటపెట్టను.