గుడిసెలు తీయించిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కోడేరు దగ్గర మా ఎర్ర జెండా పార్టీ మండల కమిటీలో సభ్యుణ్ణి. మాలో ఒక పద్ధతి ఉండేది. లోపల ఎంతైనా వాదించుకోవచ్చు, నిర్ణయం అయ్యాక బయట అందరిదీ ఒకటే మాట. పైగా, ఎక్కువ వాదించినవాడే వెళ్లి ఆ నిర్ణయాన్ని జనానికి చెప్పాలి. అప్పట్లో నాకు క్రమశిక్షణ పిచ్చి, అదంతా గొప్పగా అనిపించేది.

ఊరి బయట సర్కారు బంజరులో కూలీల చేత గుడిసెలు వేయించింది మేమే. మొదటి గుడిసె భర్త పోయిన ఒక ఒంటరి ఆడమనిషిది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గుడిసె వెనక రాళ్లు ఏరి జొన్న వేసుకుంది. ఇంతలో ఎన్నికలొచ్చాయి. మాతో పొత్తు కుదిరిన పార్టీ పెద్దమనిషికి ఆ బంజరు మీద కన్ను. గుడిసెలు తీయించాలన్న మాట పుట్టింది.

కమిటీ మీటింగుకు జిల్లా నాయకుడు వచ్చాడు. పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాటింది. గొంతు పోయేదాకా నేను వద్దన్నాను. ఏడుగురిలో ఐదుగురం వద్దన్నాం. ఆయన ప్రతి మాటా ఓపికగా రాసుకున్నాడు. గెలిచామనుకున్నాను.

చివర్లో పెన్ను జేబులో పెట్టుకుని, "మీ అభిప్రాయాలు పైకి పంపుత. తీయాలని పై కమిటీల మొన్ననే తీర్మానమైంది," అన్నాడు. మొన్ననే అయిపోయినదానికి మా చేత పొద్దంతా అరిపించాడు. నా వైపు తిరిగి, "నువ్వే పోయి చెప్పాలె," అన్నాడు.

మరునాడు వెళ్లి చెప్పాను. "పైనోళ్ల సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. నువ్వేమంటవు?" అని అక్క అడిగింది.

నేను వద్దన్నానన్న ఒక్క ముక్క చాలు. కానీ మా పద్ధతి అడ్డొచ్చింది. "నేను గూడ గదే అంటున్న అక్కా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, గుంజలు పీకడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్లూ పీకారు. వారం తిరగకుండా కంచె పడింది. అప్పుడే పాలు పోసుకుంటున్న జొన్న కంచె లోపల ఉండిపోయింది.

నేను పార్టీ వదిలేశాక, నాలుగైదేళ్లకు, కొల్లాపూర్ మామిడి తోటలో ఆమె కూలికి కాయలు ఏరుతూ కనిపించింది. సిగ్గుతో చస్తూ నిజం చెప్పాను. లోపల నేను వద్దన్నానని, ఎక్కువమందిమి వద్దన్నామని. కాస్త జాలి పడుతుందని ఆశపడ్డాను కాబోలు.

ఆమె గంప కింద పెట్టింది.

"గీ మాట గా పొద్దే చెప్తే, పోలీసులొచ్చినా నేను గుంజ పీకుతుంటినా తమ్మీ? నువ్వన్నవనే పీకిన."