గోల్ కొట్టాక ఎటు చూడాలి

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఎవరూ స్కోరు పలకకూడదు. రాత్రి యూరప్‌లో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ను పొద్దున టీవీలో మళ్ళీ వేస్తారు. మా ఆయన ఫోన్ బోర్లా పెట్టి, కాఫీ గ్లాసు పట్టుకుని, ఆ ఆట అప్పుడే జరుగుతున్నంత భక్తితో కూర్చుంటాడు. ప్రగతినగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద కూరగాయల బండి మైకు అరుస్తుంటుంది, పైన ఈయన అరుస్తుంటాడు.

గోల్ పడగానే ఎగిరి లేస్తాడు. అంతలో తెర మీద రెఫరీ చెవి దగ్గర వేలు పెట్టుకుంటాడు. ఎక్కడో గదిలో కూర్చున్నవాళ్ళు వీడియోను వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తుంటారు. ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత వస్తాయి. తోటివాడు బంతి అందించిన క్షణానికే ఆటగాడి భుజం అవతలి జట్టువాళ్ళను కొంచెం దాటి ముందుకు వెళ్ళిందని తేలుతుంది. గోల్ పోతుంది.

“చూశావా? కాలు దాటలేదు, తల దాటలేదు, భుజం దాటిందంట. ఇదేం ఆట!” అంటాడు మా ఆయన. వాళ్ళది కాకినాడ దగ్గర. కోపం వచ్చినా గొంతులో వెటకారమే ముందు పలుకుతుంది.

“దాటితే దాటినట్టే కదప్పా. తప్పు గోల్ ఇచ్చి అవతలోళ్ళను ఇంటికి పంపిస్తే బాగుంటాదా?” అంటాను నేను. నాది అనంతపురం. నాకు వెటకారం చేతకాదు, కోపమొక్కటే వచ్చు.

“బాగుంటుందని కాదు. నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడేం చెయ్యను?”

“కూర్చో. కాఫీ సల్లారిపోతాంది.”

ఈ వాదన మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తోంది. నేను మొదటినుంచీ రీప్లే పక్షం. అందుకు నా సొంత కారణం ఒకటుంది.

మా ఆఫీసు కొత్తగూడ వైపు. ఏడాదికోసారి కంపెనీలో ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. విభాగానికో జట్టు. చుట్టూ వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న టర్ఫ్ మీద శనివారం పొద్దున్నే ఆట. మైదానంలో ఎప్పుడూ కనీసం ఒక ఆడమనిషి ఉండాలన్నది నియమం. మా టెస్టింగ్ జట్టులో ఆ ఆడమనిషిని నేను. పాప పుట్టాక మళ్ళీ ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఆడుతున్నాను. బడిలో, కాలేజీలో ఆడినదాన్నే, పరుగు ఇంకా ఉంది. కానీ ఆ మైదానంలో నా పని ఒక మూల నిలబడటం. బంతి నావైపు రాదు. నేను ఖాళీగా ఉన్నానని అరిచినా, ముగ్గురి మధ్య ఇరుక్కున్న ఇంకో మగవాడికే ఇస్తారు. ఆట అయ్యాక మాత్రం “సూపర్ అక్కా” అంటారు. ఏం చేశానని సూపరో అడగాలనిపించేది.

అందుకే నాకొక గోల్ కావాలి. పట్టుదల అనండి, పిచ్చి అనండి, నాకు ఒక్క గోల్ కావాలి. నియమం కోసం నిలబెట్టిన మనిషిని కాదని చెప్పడానికి అంతకన్నా గట్టి మాట నాకు దొరకలేదు.

పోయిన ఏడాది అది దొరికినట్టే దొరికింది. ఎవరి కాలికో తగిలి బంతి దారితప్పి నా ముందుకు వచ్చింది. బలంగా తన్నాను. గోల్‌కీపర్ చెయ్యి దాటి, గీత దాటి, గోల్ లోపల వెనక ఉన్న ఇనుప గొట్టానికి టంగున తగిలి, అదే వేగంతో బయటికి వచ్చేసింది. గోల్‌కీపర్ ఏమీ ఎరగనట్టు దాన్ని అవతలికి తన్నేశాడు. ఆట సాగిపోయింది.

మా పోటీలకు రెఫరీ ఫైనాన్స్ విభాగంలో మేనేజరు. కుర్రతనంలో సికింద్రాబాద్ గ్రౌండ్లలో ఆడినవాడు. అందరూ అన్న అనే పిలుస్తారు. పరుగెత్తుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

“లోపలికి పోయిందన్నా! కళ్ళారా చూసినా.”

“పోయిందేమో చెల్లె. నాకు గనవడలే. మధ్యల ఆ పొడుగాయన అడ్డం ఉండె. చూడంది ఎట్ల ఇస్త?”

“చూడందాన్ని కాదని ఎట్ల చెప్తావన్నా మరి?”

ఆయన బంతి వెనకే పరుగెత్తాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? మనిషి ఒక్కడు, కళ్ళు రెండు, మధ్యలో ఒక పొడుగాయన. ఆ మ్యాచ్ ఓడిపోయాం. సోమవారం లిఫ్టులో ఆ గోల్‌కీపర్ కనిపించి, “మీది గోలే అనుకుందాం లెండి అక్కా” అన్నాడు. ఓటమి కన్నా ఆ మాటే ఎక్కువ మండింది. నాది నాకు దానంగా ఇస్తున్నాడు!

నేను టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనిపెట్టి చెబితే డెవలపర్ మొదట అనే మాట, “నా సిస్టమ్‌లో బాగానే పనిచేస్తోందే” అని. స్క్రీన్ రికార్డింగ్ పంపేదాకా తప్పు తప్పు కాదు. కళ్ళతో చూశానంటే మా లోకంలో చెల్లదు. అందుకే ఈ ఏడాది టర్ఫ్ యజమాని నలుమూలలా కెమెరాలు బిగించాడని తెలియగానే నేను ఊరుకోలేదు. ఆడినవాళ్ళకు వీడియో ముక్కలు ఫోన్‌కి పంపడానికి పెట్టిన కెమెరాలవి. వాటిని ఒక ట్యాబ్‌కి కలిపితే రీప్లే చూడవచ్చని పోటీల కమిటీ వెంటపడి ఒప్పించాను.

ఇక మావాళ్ళ సంగతి చెప్పాలి. ఏదైనా మాకు అప్పగిస్తే దాన్ని ప్రాజెక్టు చేస్తాం. రీప్లే కోసం ఒక మీటింగ్, దానికి ముందు ఇంకో మీటింగ్. జట్టుకు ఒక అప్పీలు. అది కావాలంటే కెప్టెన్ గాల్లో వేళ్ళతో చతురస్రం గీయాలి. తప్పుల్ని తీవ్రతను బట్టి మూడు తరగతులు చేశారు, సర్వర్ పడిపోయినప్పుడు చేసినట్టే. ఇన్ని రాసినవాళ్ళు టర్ఫ్‌ను గంట లెక్కన అద్దెకు తీసుకుంటామన్న సంగతే మరిచిపోయారు. వీడియో చూస్తున్నంతసేపూ గంట ఆగదు.

అన్నకు రీప్లే సంగతి చెబితే నవ్వాడు. “పెట్టుండ్రి, నాకు మంచిదే. తిట్లన్నీ దానికి పోతయ్.” తర్వాత విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, “కానీ ఒకటి చెప్త చెల్లె. ఇగ నా దిక్కు ఎవ్వరు చూడరు. గోల్ కొట్టినోడు సుత గోల్ దిక్కు చూడడు. అందరు ఆ డబ్బా దిక్కే చూస్తరు” అన్నాడు.

రెఫరీ కదా, అసూయ అనుకున్నాను.

మొదటి వారాల్లో రీప్లే నా పరువు నిలబెట్టింది. ఒకతను మోచేత్తో కావాలనే పొడిచాడని అవతలివాళ్ళు మీదకొచ్చారు. వీడియోలో చూస్తే అతని కాలే జారింది, పడబోతూ చెయ్యి ఊపాడు. పొడిపించుకున్నవాడే వెళ్ళి కౌగిలించుకున్నాడు. అది లేకపోతే ఆ ఇద్దరూ ఆఫీసులో ఒకే అంతస్తులో కూర్చుని నెలల తరబడి మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఆ పూట గర్వంగా ఇంటికి వెళ్ళి మా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను.

చెప్పనివి కూడా ఉన్నాయి. అప్పీలు అనగానే పదిమందీ ట్యాబ్ చుట్టూ మూగేవాళ్ళు. ఒకడు జూమ్ చెయ్యమంటాడు, ఒకడు మెల్లగా తిప్పమంటాడు. జూమ్ చేస్తే బంతి కాస్తా తెల్లటి మరక అవుతుంది. మెల్లగా తిప్పితే అదింకా తమాషా. మామూలు వేగంలో పొరపాటున తగిలిన కాలు, మెల్లగా చూస్తే పగబట్టి వచ్చి తగిలినట్టే ఉంటుంది. మనిషికి ఆలోచించే వ్యవధి లేని చోట వీడియో వ్యవధి కల్పిస్తుంది, ఆపైన ఆ వ్యవధిలో ఎందుకు ఆలోచించలేదని అడుగుతుంది. ఒక మ్యాచ్ అయితే రీప్లే చూస్తుండగానే ముగిసింది. తర్వాతి గంట బుక్ చేసుకున్నవాళ్ళు బూట్లు కట్టుకుని వల బయట నిలబడి, “భాయ్, సినిమా అయిపోయిందా?” అని అరిచారు.

సెమీఫైనల్ రోజు మా జట్టులో కొత్తగా చేరిన విజయవాడ కుర్రాడు బంతి తీసుకుని దూసుకొచ్చాడు. ఇద్దరు మీద పడ్డారు. ఎలా తప్పించాడో తెలియదు, తలెత్తి చూసి నాకు ఇచ్చాడు. నాకు! తడబడతానేమోనని భయం వేయడానికి కూడా సమయం లేకపోయింది. తన్నాను. గోల్‌కీపర్ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళి వలలో పడింది, ఈసారి బయటికి రాలేదు.

తర్వాత నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. అరిచానని తెలుసు, మర్నాటికి గొంతు పోయింది కాబట్టి. ఎవరెవరో వచ్చి మీద పడ్డారు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అంత సంతోషం పాప పుట్టినప్పుడు కూడా కలగలేదేమో, అప్పుడు ఒళ్ళంతా నొప్పులు మరి.

అవతలి కెప్టెన్ గాల్లో చతురస్రం గీశాడు.

అన్న ట్యాబ్ దగ్గరికి నడిచాడు. నేనూ వెళ్ళాను. ఇద్దరి మధ్యనుంచి కుర్రాడు తప్పించుకునేటప్పుడు బంతి పైకి లేచి అతని ముంజేతికి తగిలింది. తగలడమే కాదు, దారి మారింది. కావాలని తగిలినా పొరపాటున తగిలినా మా పోటీల్లో ఆ గోల్ చెల్లదు. మామూలు వేగంలో చూసినా కనిపించింది.

“అక్కా, ప్రామిస్, నాకు తగిలినట్టే తెలీలేదండి,” అన్నాడు కుర్రాడు. ఏడుపు మొహం పెట్టాడు.

అన్న నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “చెయ్యి తగిలింది చెల్లె. ఇయ్యలేను.”

“సరేన్నా” అన్నాను. ఇంకేం అనగలను? అరవడానికి హక్కున్న వాళ్ళందరిలో నేనే ఆఖరిదాన్ని. ఆ తీర్పు నూటికి నూరుపాళ్ళు సరైంది. ఏ తప్పూ లేని ఆ తీర్పు మీద నాకు వచ్చినంత కోపం పోయిన ఏడాది తప్పుడు తీర్పు మీద కూడా రాలేదు. తప్పుడు తీర్పును తిట్టుకుంటూ ఏడాది గడిపాను, దీన్ని తిట్టడానికి కూడా లేదు.

సాయంత్రం టర్ఫ్ వాళ్ళు వీడియో ముక్క పంపారు. వాళ్ళ కెమెరాకు తీర్పుతో పనిలేదు, వలలో బంతి పడితే చాలు. ఎల్‌కేజీ చదువుతున్న మా పాప నా ఒళ్ళో కూర్చుని చూసింది. అందులో ఒకావిడ రెండు చేతులూ పైకెత్తి, జుట్టు ఊడిపోయి, నోరంతా తెరిచి గంతులు వేస్తోంది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. అద్దంలో ఆ మొహం ఎప్పుడూ కనిపించలేదు.

“అమ్మ ఎగిరింది! మళ్ళీ పెట్టు,” అంది పాప. మళ్ళీ పెట్టాను. మా ఆయన వెనకనుంచి చూస్తూ, “న్యాయమేలే. చెయ్యి తగిలింది కదా,” అన్నాడు మెల్లగా. మా వాదనలో అతను నావైపుకు రావడం అదే మొదటిసారి. నాకేమో ఆ క్షణాన అతని పాత మాటలే కావాలనిపించింది.

సెమీఫైనల్ ఓడిపోయాం కాబట్టి తర్వాతి శనివారం మూడో స్థానం కోసం ఆడాం. ఆట సగంలో బంతి మళ్ళీ నాకే వచ్చింది. ఇస్తున్నారు ఇప్పుడు, అది చెప్పాలి. ఒకరిని తప్పించి నేలబారుగా తన్నాను. గోల్‌కీపర్ పక్కనుంచి వలలోకి వెళ్ళింది.

నేను కదల్లేదు. ముందు అవతలి కెప్టెన్ చేతుల వైపు చూశాను. తర్వాత ట్యాబ్ పెట్టిన బల్ల వైపు చూశాను. మా జట్టువాళ్ళూ అటే చూస్తున్నారు. ఎవరూ చతురస్రం గీయలేదు. అన్న విజిల్ వేసి, బంతిని మధ్యలో పెట్టించి, నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

“ఏంది చెల్లె, గట్ల నిలవడ్డవ్? గోల్ అయింది.”

“అయిందా అన్నా?”

“అయింది.”

ఏదో చెయ్యాలని చెయ్యి పైకెత్తాను. అప్పటికే అవతలివాళ్ళు ఆట మొదలుపెట్టేశారు, వెనక్కి పరుగెత్తాను. ఆ మ్యాచ్‌లో పడ్డ గోల్ అదొక్కటే. గెలిచాం.

వచ్చే ఏడాది రీప్లే ఉంచాలా వద్దా అని కమిటీ అడిగితే ఉంచమనే చెప్పాను. ఇనుప గొట్టానికి తగిలి బయటికొచ్చిన ఆ బంతిని నేను మరిచిపోలేను. ఇంకొకరికి అలా జరగకూడదు. ఒప్పుకుంటూనే ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉంది. ఏం పోయిందని అడిగితే కమిటీకి ఏ తరగతిలో రాసివ్వాలో తెలియలేదు.

మూడో స్థానం మ్యాచ్‌లో నేను కొట్టిన గోల్ వీడియో కూడా ఫోన్‌కి వచ్చింది. పాపను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించాను. బంతి వలలోకి వెళ్ళింది. తెర మీద ఒకావిడ చేతులు వేలాడేసి, మెడ తిప్పి ఎటో చూస్తోంది. పాప వీడియో అయిపోయేదాకా ఓపిగ్గా చూసింది.

“ఇది గోల్ కాలేదా అమ్మా?” అంది.

“అయిందమ్మా. ఇదే అయింది.”

అది నా మొహంలోకి చూసింది. నేను ఆటలు పట్టిస్తున్నాననుకుంది.

“కాదు. గోల్ అయింది పెట్టు,” అని ఫోన్ లాక్కుని, నేను ఎగిరిన వీడియో వెతకసాగింది.