చెరువుగా నమోదైన తోట

మా మేనత్త పనిరోజున ఫోన్ చేయరు. ఆవిడ ఉప్పలగుప్తం దగ్గర ఉంటారు, నేను అమలాపురంలో కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆదివారం చర్చి అయ్యాక మాట్లాడుకోవడం మా అలవాటు. అందుకే ఆ మంగళవారం స్టాఫ్ రూములో ఫోన్ మోగగానే నాకు కంగారు పుట్టింది.

"అమ్మా, మన తోట చెరువంటమ్మా" అన్నారు.

నిదానంగా చెప్పించుకుంటే సంగతి తెలిసింది. ఎండిపోయిన చెట్ల స్థానంలో వేసుకోవడానికి కొబ్బరి మొక్కలు ఇస్తున్నారని విని ఆవిడ గ్రామ సచివాలయానికి వెళ్లారు. ఆవిడ సర్వే నంబరు కొట్టి చూస్తే, అక్కడ కొబ్బరి లేదు, రొయ్యల చెరువు ఉందని వచ్చింది. చెరువుకి మొక్కలు ఎవరిస్తారు?

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "పక్క చెరువు ఉప్పునీరు ఊరి నా చెట్లు పోతున్నాయని రేపు నేను అర్జీ పెట్టుకున్నాననుకో. నీదీ చెరువే కదా అంటారు. అప్పుడేం చెప్పను?"

ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగి నర్సుగా పనిచేసిన మనిషి. లేనిపోని భయాలు పెట్టుకోరు. నేను నవ్వు ఆపి, "కంగారు పడకండి అత్తయ్యా, ఆన్‌లైన్లో పది నిమిషాల పని" అన్నాను.

ఊరికే అనలేదు. ఒక్క ఆదాయ ధ్రువపత్రం కోసం మా నాన్నగారు నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరగడం నేను చూశాను. ఇప్పుడు నా విద్యార్థులు దరఖాస్తు పెట్టుకుని, వారం తిరక్కుండా కాగితం ఫోన్లోనే చూపిస్తున్నారు. ఎవరైనా ఆన్‌లైన్ సేవల మీద విసుక్కుంటే వాళ్లతో వాదించేది నేనే.

ఆ పది నిమిషాల పనికి రెండు సాయంత్రాలు పట్టింది. ఓటీపీ చనిపోయిన మామయ్యగారి నంబరుకి వెళుతోంది. ముందు దాన్ని మార్పించాల్సి వచ్చింది. తర్వాత సమస్య ఏ రకమో ఎంచుకోమంది. చాంతాడంత జాబితాలో సరిహద్దు తగాదా ఉంది, పేరులో తప్పు ఉంది, విస్తీర్ణంలో తేడా ఉంది. తోటని చెరువని రాస్తే ఏం చేయాలో లేదు. చివరికి 'ఇతరములు' నొక్కి, తోట ఫొటోని చిన్నది చేసి చిన్నది చేసి పంపాను. అర్జీ నంబరు వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆ నంబరు కొట్టి చూసేదాన్ని. బస్సు కోసం నిలబడి చూసేదాన్ని. కూర పొయ్యి మీద పెట్టి చూసేదాన్ని. ప్రతిసారీ 'పరిశీలనలో ఉంది' అనే వచ్చేది. పరిశీలిస్తున్న మనిషి ఎవరో, ఎక్కడ కూర్చున్నారో తెలిస్తే వెళ్లి ఎదురుగా నిలబడదును. అదొక్కటీ అందులో ఉండేది కాదు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున మాట మారింది. 'క్షేత్రస్థాయిలో విచారించి, అర్జీదారుతో మాట్లాడి, సమస్య పరిష్కరించడమైనది.' గబగబా భూమి రికార్డు తెరిచాను. అందులో ఇంకా రొయ్యల చెరువే ఉంది. అత్తయ్యకి ఫోన్ చేశాను.

"మీ తోట చూడ్డానికి ఎవరైనా వచ్చేరా?"

"ఎవరూ రాలేదమ్మా. ఒకమ్మాయి ఫోన్ చేసింది."

"ఏమంది?"

"అర్జీ విషయంలో మీరు తృప్తిగా ఉన్నారా, ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంది. ఎంత మర్యాదగా అడిగిందో. ఒకటి నొక్కేను."

"ఎందుకు నొక్కేరత్తయ్యా?"

"సచివాలయంలో ఆ రోజు కుర్చీ వేసి కూర్చోబెట్టేరు. మంచినీళ్లిచ్చేరు. పని అయిందా అని ఆ అమ్మాయి అడగలేదమ్మా. తృప్తిగా ఉన్నారా అంది. వాళ్ల మీద చెడ్డగా ఎలా చెప్పను?"

అది మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు అని గట్టిగా అరిచాను. "నాకేం తెలుసమ్మా" అన్నారు చిన్నగా. అరిచినందుకు రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఆవిడ తృప్తి చెందినట్టు నమోదైంది కాబట్టి ఆ అర్జీని మళ్లీ తెరవడం కుదరదని వెబ్‌సైటు చెప్పింది.

మర్నాడు సెలవు పెట్టి, ఆవిడని స్కూటీ మీద ఎక్కించుకుని సచివాలయానికి వెళ్లాను. ఎవరి మీదైనా విరుచుకుపడాలన్నంత కోపంగా ఉన్నాను. అర్జీ చూసింది సర్వేయరని అక్కడ చెప్పారు. ఆ అమ్మాయి నాకంటే పదేళ్లు చిన్నది. చెప్పిందంతా విని, కంప్యూటర్లో చూసి, అత్తయ్య వైపు తిరిగింది.

"నేనే మూసేనండి మామ్మగారూ. ముందు సర్వేకొచ్చినాయన నమోదు చేసిన చోట చూస్తే నీళ్లే ఉన్నాయి. గడువు దాటితే మా స్క్రీను ఎర్రగా అయిపోతుందండి, పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. రావాల్సింది, రాలేదు."

"అర్జీదారుతో మాట్లాడి అని రాశారు కదండీ" అన్నాను.

"ఆ వాక్యం నేను రాసింది కాదండి. మూయాలంటే జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి. ఉన్నది అదొక్కటేనండి."

నాకు 'ఇతరములు' గుర్తొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

గురువారం వస్తానంది, వచ్చింది. తోట మధ్య నిలబడి ఫొటో తీసింది. ఫొటో వెళ్లలేదు, సిగ్నల్ లేదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని చెట్ల మధ్య అటూ ఇటూ నడుస్తూ, పక్కాయన రొయ్యల చెరువు గట్టెక్కింది. అక్కడ సిగ్నల్ బాగా ఉంది. పంపబోయి, ఆగిపోయింది.

"ఈ యాప్ ఫొటో తీసిన చోటు రాసుకోదండి. పంపిన చోటు రాసుకుంటుంది. ఇక్కణ్ణుంచి పంపితే మళ్లీ చెరువే అవుతుంది." కాసేపు నీళ్లకేసి చూసింది. "ముందొచ్చినాయన కూడా ఇక్కడే నిలబడుంటారండి."

చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. గట్టు ఇవతల అత్తయ్య చెట్లు వరసగా పసుపెక్కి ఉన్నాయి.

నా ఫోన్ వేరే కంపెనీది. అత్తయ్య తోటలోనే బావి గట్టు మీద నిలబడితే ఒక్క గీత దొరికింది. హాట్‌స్పాట్ పెట్టాను. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడింది. గుండ్రంగా తిరిగే గుర్తు తిరుగుతూనే ఉంది. ముగ్గురం ఫోన్ మీదికి వంగి చూస్తూ నిలబడ్డాం. చివరికి వెళ్లింది.

"ఆయ్, వెళ్లిందండి" అందా అమ్మాయి. అత్తయ్య లోపలికి వెళ్లి ఆమెకి కొబ్బరినీళ్లు తెచ్చారు.

మూడు వారాలకి రికార్డులో 'కొబ్బరి' అని పడింది. ఆ కబురు ఎలా పాకిందో గానీ, ఆ ఆదివారం నేను వెళ్లేసరికి అత్తయ్య అరుగు మీద నలుగురు పాసు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి సర్వే నంబరూ కొట్టి చూశాను. ఇద్దరివి సరిగ్గానే ఉన్నాయి. మిగతా ఇద్దరి తోటలూ చెరువులే. ఒకరి అర్జీ అక్కడే పెట్టేశాను. రెండో ఆయన పెద్దాయన, అత్తయ్య తోటకి తూర్పు వైపు తోట ఆయనది. ఆయన వివరాలు నింపబోతుంటే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"ఉండనివ్వండమ్మా. వచ్చే ఏడు నేనూ చెరువు తవ్వించేద్దామనుకుంటున్నాను. మళ్లీ మార్పించుకోవడం ఎందుకు."

నేను అత్తయ్య ముఖం చూశాను. ఆవిడ టీ గ్లాసు ఆయనకి అందించి, ఆ వారమే సచివాలయంలో తెచ్చుకుని తూర్పు గట్టున కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్కల వైపు నడిచారు.