పదకొండు మంది హాజరు

సలోమోను మాస్టారు రిటైరై ఆరేళ్ళయింది గానీ, ఆయన తొమ్మిదిన్నర ఇంకా రిటైరు కాలేదు. రోజూ ఆ వేళకి గడ్డం సగం గీసుకుని ఉన్నా, నోట్లో ఇడ్లీ ముక్క ఉన్నా అలాగే ఆగిపోతారు. చెవిలో హాజరు మొదలవుతుంది. పేరు పిలుస్తారు, జవాబు వస్తుంది. పదకొండు పేర్లకి మాత్రం రాదు. ఆ నిశ్శబ్దాలన్నీ అయ్యాకే ఇడ్లీ కిందికి దిగుతుంది.

విస్సన్నపేట రోడ్డు దిగి మామిడి తోటల్లోకి నడిస్తే వచ్చే ఆ ఊరి బడికి ఇరవై రెండేళ్ళపాటు ఆయనే హెడ్మాస్టరు, అసిస్టెంటు, అటెండరు. ఆయన హయాంలో చదువు మానేసిన పిల్లల సంఖ్య సున్నా. ఆ సున్నాకి శాలువా కప్పారు. సున్నాకి ఇంతటి సన్మానం జరగడం గణితశాస్త్రం గర్వించదగ్గ విషయం.

ఆ సున్నా ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. పూత రాగానే కూలి కుటుంబాలు గిన్నెలతో సహా తోటలోకి మారిపోతాయి. కాయ కోసేదాకా కాపలా. మందు కొట్టడం, నీళ్ళు పెట్టడం పెద్దల శాఖ. కోతుల్ని తోలడం పిల్లల శాఖ. జూన్‌లో తిరిగొచ్చిన పిల్లలు పుస్తకాలకి అట్టలేసుకుంటారు. అట్ట నలగకుండానే ఉంగుటూరు వైపు నాట్లకి అమ్మానాన్నల వెంట వెళ్ళిపోతారు. చదువుకి మిగిలేది మళ్ళీ పూత వచ్చేలోపు మూడు నెలలు.

పేరు కొట్టేస్తే ఆ పిల్లలకి బట్టలూ పుస్తకాలూ ఆగిపోతాయి. పదకొండు పేర్లు కొట్టేస్తే బడే ఎత్తేస్తారు. అందుకని మాస్టారు మొదటి బ్యాచిలోనే ఒక పద్ధతి కనిపెట్టారు. లేని పిల్ల పేరు కూడా గట్టిగా పిలిచేవారు. కాసేపు ఆగేవారు. ఆ నిశ్శబ్దాన్ని జవాబుగా స్వీకరించి హాజరు వేసేవారు. తోట నుంచి వచ్చాక పాఠాలన్నీ చెప్పేద్దామని మంచి మనసుతోనే అనుకున్నారు. పదకొండు మందీ ఐదో తరగతి పాసయ్యారు. అదీ మంచి మనసుతోనే. తర్వాతి బ్యాచిలకీ అదే అలవాటైంది.

ఇప్పుడు కాపు కాలంలో ఆయన తోటల వైపు నడవరు. కోతుల్ని తోలుతూ పిల్లలు "హోయ్" అని అరిస్తే, ఏళ్ళ కిందట పిలిచిన పేరుకి ఇప్పుడు జవాబొచ్చినట్టు ఉంటుంది.

మొన్న మే నెలలో ఒక ఉదయం విజయవాడ నుంచి మౌనిక అనే పరిశోధకురాలు వచ్చింది. వరండాలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, చుక్కలూ గీతా ఉన్న ఒక గ్రాఫు చూపించింది. ఆ సమయానికే గ్లోరీ, గ్రేడింగ్ షెడ్డులో కాయలు ఏరే మనిషి, మాస్టారికి నాలుగు చిన్న రసాలు ఇద్దామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పదకొండు మందిలో తొమ్మిదో పేరు ఆమెదే.

"ఒక్కో చుక్కా ఒక్కో ఊరండీ," అంది మౌనిక. "చదువు పెరిగేకొద్దీ పేదరికం తగ్గుతోంది. డెల్టా ఊళ్ళూ, మెట్ట ఊళ్ళూ అన్నీ ఈ గీత పక్కనే బుద్ధిగా కూర్చున్నాయి. ఇదిగో, మీ ఊరు మాత్రం ఎక్కడో ఉంది."

చదువులో మైలవరంతో సమానంగా, పేదరికంలో అందరికన్నా పైన, క్రమశిక్షణ లేని చుక్క ఒంటరిగా నిలబడి ఉంది. మాస్టారు దాన్ని గుర్తుపట్టారు.

"మామిడి తోటల ప్రాంతంలో చదువుతో పేదరికం తగ్గదని రాస్తున్నానండీ. అందరూ ఐదు పాసైన ఊరు కాబట్టి, పెద్దవాళ్ళకి చదువు నేర్పడానికి సాయంత్రం నడిపే అక్షర కేంద్రం కూడా ఇక్కడ అక్కర్లేదు. వేరే మండలానికి ఇమ్మంటున్నాను."

"అదేంటమ్మా! నేనూ మా అత్తా పేర్లిచ్చాం కదా?" అంది గ్లోరీ.

మౌనిక పేరడిగి జాబితాలో వెతికింది. "మీరు ఐదు పాసండీ. మీకు రాదు."

"నేను పాసయ్యానా! మా ఆయన పదేళ్ళ నుంచీ వేలిముద్ర మొహమని ఏడిపిస్తున్నాడు. ఆ ముక్క ముందే చెప్తే వాడి నోరు మూయించేదాన్ని." నవ్వింది, మరుక్షణమే ఆపింది. "మా షీబా జూన్‌లో ఒకటో తరగతికి వెళ్తుందమ్మా. దాన్ని తోటకి తీసుకెళ్ళను. దాని పుస్తకంలో ఏముందో నాకు తెలియాలి. లేకపోతే అదీ నాలాగే పాసైపోద్ది. మీరైనా చెప్పండి మాస్టారూ."

"హాజరు పట్టీలు సరైనవేగా మాస్టారూ?" అంది మౌనిక.

గోడ మీద శాలువాతో దిగిన ఫోటో. దాని పక్కన గడియారం. తొమ్మిదిన్నర అయింది. మాస్టారు టీ గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయారు. చెవిలో ఎనిమిది నిశ్శబ్దాలు గడిచాయి. తొమ్మిదోదాన్ని ఆయన పైకే పిలిచారు, బడి గొంతుతో.

"గ్లోరీ!"

చేతిలో కాయలతోనే ఆమె నిటారుగా నిలబడింది. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"రాలేదండీ," అంది. "తోటలో ఉన్నాను."

"రాసుకోమ్మా," అన్నారు మాస్టారు మౌనికతో. "గైరుహాజరు. నేను హాజరు వేశాను."

మౌనిక సిఫారసు పేరా మొత్తం కొట్టేసి, తెల్ల కాగితం తీసింది. ఆయన పట్టీ లేకుండానే మొదటి నుంచీ పిలవడం మొదలుపెట్టారు. శివ. దయామణి. శౌరి. ఒక్కో పేరు తర్వాత వరండా కాసేపు ఆగింది. ఆ ఆగినంతసేపూ తోటల్లోంచి పిల్లల కేకలు వినిపించాయి. పదకొండూ అయిపోయాయి. మౌనిక పెన్నుకి మూత పెట్టబోయింది.

"ఉండమ్మా," అన్నారు మాస్టారు. "అది మొదటి బ్యాచి."