ప్లగ్గు బాబాయి వేసిన ముసుగు

ఆ ఆసుపత్రిలో ఏ కంప్యూటరు మొండికేసినా కబురు వెళ్లేది ఒక్కరికే. ఆయన గుమ్మంలోంచే అడిగే మొదటి మాట, "ప్లగ్గు చూశారా?" పదిసార్లలో ఆరుసార్లు అదే ఊడి ఉండేది. అలా అసలు పేరు మరుగున పడి, ఊడ్చే ఆయా దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరికీ ప్లగ్గు బాబాయి అయిపోయాడు. తప్పు ఎవరిదో నలుగురిలో ఎప్పుడూ చెప్పడు. ప్లగ్గు తోసేసి, "దానికే నిద్రొచ్చిందిలే" అని వెళ్లిపోతాడు.

అంతటి మనిషి ఆ శనివారం మధ్యాహ్నం మెట్లకింద గదిలో తల పట్టుకుని కూర్చున్నాడు.

రక్తపరీక్షల రిపోర్టులు తీసే ప్రోగ్రాము సోమవారం నుంచి కంప్యూటర్ని నడిపించే లైనక్స్ కొత్తదైతే తప్ప నడవదు. ఆసుపత్రి పనులన్నీ ఒకే పెద్ద యంత్రంలో, ఒకే ఇంట్లో వేరు కాపురాల్లా, వర్చువల్ మెషీన్లలో సాగుతాయి. బాబాయి అందులో ఇంకో కాపురం పెట్టి కొత్త లైనక్స్ ఎక్కించబోయాడు. రెండు రోజులుగా అది మొదలైన మూడు సెకన్లకే ఆగిపోయి, ఈ ప్రాసెసర్ మరీ పాతది, నేను నడవలేనని తెర మీద రాస్తోంది.

"పాతదా! నిరుడేగా కొన్నాం నిన్ను!" అని యంత్రాన్ని కసిరాడు. లైనక్స్‌ను నెట్‌లోంచి మూడుసార్లు మళ్లీ దింపుకున్నాడు. మెమరీ పెంచాడు, డిస్కు మార్చాడు. ఊహూ. నిన్న భోజనాల వేళ అందరినీ బతిమాలి పెద్ద యంత్రాన్ని పది నిమిషాలు ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా లేపితే అదే లైనక్స్ బుద్ధిగా లేచి కూర్చుంది. వర్చువల్ మెషీన్‌లో పెడితే మాత్రం ససేమిరా అంటోంది.

పెద్ద డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడింది. "ఏమయ్యా, నాలుగింటికి తేలకపోతే సోమవారం నుంచి రక్తం బయటి ల్యాబుకి పంపాల్సిందే. రిపోర్టుకి రెండు రోజులు. జ్వరం పిల్లల్ని ఎత్తుకుని తల్లులు మళ్లీ మళ్లీ తిరగాలి."

"చూస్తున్నానమ్మా."

"నిన్నా ఇదే మాటన్నావు."

అంత కటువుగా అన్న మనిషే, పోతూ పోతూ వరండాలోని ఫ్యాను ఆయన వైపు తిప్పి వెళ్లింది.

మూడున్నరకి ల్యాబ్ అమ్మాయి టీ తెచ్చింది. పొద్దున తెచ్చిన గ్లాసు మీగడ కట్టి అక్కడే ఉంది.

"తిట్టడం అయిందా బాబాయ్, ఇంకా మిగిలిందా? ల్యాబు దాకా వినిపిస్తోంది."

"దీని మొహం మండ! కొత్త ప్రాసెసర్ కడుపులో పెట్టుకుని పాతదంటుందేమిటమ్మాయ్?"

"నాకేం తెలుసు? మీరు మమ్మల్నడిగేదే నేనూ అడుగుతా. ప్లగ్గు చూశారా?"

కసరబోయి ఆగాడు. అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని ముందు చూడమనేగా తను ఊరందరికీ చెప్పేది! కొత్త వర్చువల్ మెషీన్ కావాలంటే పదేళ్లనాటి ఒకే అచ్చులోంచి నకలు తీయడం ఆయన అలవాటు. ఆ అచ్చులో ఏముందో చూసి ఏళ్లయింది.

తెరిచి చూశాడు. ప్రాసెసర్ రకం అన్నచోట, ఉన్నవాటిలోకెల్లా పాతదాని పేరు. తన చేత్తో పెట్టిందే. ఒక యంత్రం పడిపోతే కాపురాలన్నీ అక్కరకని మూలనుంచిన ముసలి యంత్రంలోకి మారాలి కదా అని, రెండింటికీ చేతనైన పనులే చేసేలా, వాటన్నిటికీ ముసలి ముసుగు తగిలించాడు. యంత్రం మారింది, ముసుగు మారలేదు; లోపలి లైనక్స్‌కు కనిపించింది ఆ ముసుగే.

అసలు ప్రాసెసర్‌నే చూపించమని మార్చి, రీస్టార్ట్ నొక్కాడు. మళ్లీ అదే రాత. ఉసూరుమన్నాడు. అంతలో గుర్తొచ్చింది, పూర్తిగా ఆపి లేపితేగానీ కొత్త సెట్టింగు అంటదు. ఆపాడు. ఒక్కక్షణం కళ్లు మూసుకుని, "స్వామీ, నా కోసం కాదు, ఆ పిల్లల కోసం" అనుకుని లేపాడు. లేచింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. "నడుస్తోందమ్మా. తప్పు నాదే. ఇంకో మాట, ఈ యంత్రం పడిపోతే ల్యాబు పని ఇక ముసలిదాంట్లోకి మారదు. తోడుకి కొత్తది కావాలి."

ఆమె కళ్లద్దాలు తీసి ఆయన్ని చూసింది. "దానికే నిద్రొచ్చిందిలేవయ్యా. కొత్తదానికి కాగితం పెట్టు, సంతకం చేస్తా. సోమవారం రక్తం ఇక్కడే."

బాబాయికి నవ్వు రాలేదు. గదికి తిరిగొచ్చి, ముందు ఆ పాత అచ్చును సరిచేశాడు. "రెండు రోజులు తిట్టాను," అని గొణుక్కున్నాడు. "పాపం, అది నేను చెప్పిన మాటే వింది."