కంప్రెసర్ టకటకను దాచింది నేనే

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తప్పు చిన్నదైతే ఎప్పుడో ఎవరితోనో నవ్వుతూ చెప్పేసేవాణ్ణి. ఇది నవ్వుతూ చెప్పేది కాదు. నా భార్యకు తెలియదు. మా ఓనర్‌కు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పే ధైర్యం వచ్చింది. మధ్యలో నన్ను నేనే వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, అది నా పాత జబ్బు అనుకోండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్స్ వెనక సందులో మా షాపు. పైన కోచింగ్ సెంటర్లు, ముందు బట్టల దుకాణాలు, వెనక మేము. సిలిండర్లలో గాలి నింపుతాం. బండి టైర్లకు కొట్టే గాలి కాదు, మనిషి పీల్చే గాలి. విషవాయువులుండే ట్యాంకుల్లోకి దిగేవాళ్లు వీపుకు సిలిండర్, ముఖానికి మాస్కు తగిలించుకుంటారు చూడండి, వాళ్లకు. మా కంప్రెసర్ సందులోని గాలిని లోపలికి లాక్కుని, అంచెలంచెలుగా నొక్కి, ఫిల్టర్‌లో తడి, నూనె, పొగ విషం తీసేసి సిలిండర్‌లోకి తోస్తుంది. ఆ కంప్రెసర్ బాగోగులు చూసే మెకానిక్‌ని నేను.

శబ్దం విని రోగం చెప్తాడని నాకో పేరుండేది. ఆ పేరంటే చచ్చేంత ఇష్టం. ఎవరైనా నలుగురి ముందు ఆ మాట అంటే ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

ఒక ఎండాకాలం మిషను స్టార్ట్ చేయగానే టకటకమని కొట్టుకోవడం మొదలైంది. కాసేపటికి తగ్గేది. మర్నాడు మళ్లీ. ఓనర్ పక్కనే ఉన్నాడు, కస్టమర్లు చూస్తున్నారు. నేను మిషను ఆపి చూడనైనా లేదు. చెవి ఒకసారి అటు వంచి, “బెల్టు” అన్నాను, తీర్పు చెప్పినట్టు. కొత్త బెల్టు వేశాం. టకటక అలాగే ఉంది. కింది బోల్టులు బిగించాను. ఆయిల్ మార్చాను. అయినా పోలేదు. మా ఓనర్ గుంటూరు వైపు మనిషి. మాట మెత్తగానే ఉంటుంది, గుచ్చుకుంటుంది. “ఏమయ్యా, బెల్టన్నావు, మార్చాం. మరి ఈ మోతేంటి? నీ చెవికి కూడా సర్వీసింగ్ చేయించాలా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది.

అసలు కారణం నాకు ఆ సాయంత్రానికే తెలిసింది. ఈ వాక్యం రాయడానికే చెయ్యి రావడం లేదు. తెలియక చేశానని చెప్పుకునే వీలుంటే ఎంత బాగుండేది! చివరి అంచెలో ఉండే పిస్టన్‌ను పైనున్న గాలి ఒత్తిడే అదిమి పెడుతుంది. ఒత్తిడి కూడేదాకా అది వదులుగా కొట్టుకుంటుంది. ఆ ఒత్తిడి త్వరగా కూడటానికి ఫిల్టర్ తర్వాత ఒక వాల్వు ఉంటుంది, తగినంత కూడేదాకా గాలిని ముందుకు పోనివ్వదు. మాది పాడైంది. అది పాడైతే మోత ఒక్కటితో పోదు. ఒత్తిడి చాలనప్పుడు గాలిలోని తడి సరిగా విడిపోదు. ఫిల్టర్‌లో పొగ విషాన్ని విరిచే మందు ఒకటుంటుంది, తడి తగిలితే అది పనికిరాకుండా పోతుంది. ఇదంతా నాకు తెలుసు.

తెలిసినప్పుడు ఏం చేయాలి? వాల్వు పోయిందని చెప్పి, కొత్తది వచ్చేదాకా మిషను ఆపేయాలి. కానీ బెల్టు అని అందరి ముందు అన్నది నేనే కదా. ఇప్పుడు వాల్వు అంటే మళ్లీ ఆ నవ్వు వినాలి. అంతే. నన్ను ఆపింది అంతకంటే పెద్దదేమీ కాదు.

గాలి నింపే పనిలో మాకు ఒక కిటుకు తెలుసు. సగం నిండిన సిలిండర్‌ను ముందుగా గొట్టానికి తగిలించి, తెరిచి పెట్టి మిషను స్టార్ట్ చేస్తే, ఎదురుగా ఉన్న ఆ ఒత్తిడికి పిస్టన్ వెంటనే కుదురుకుంటుంది. మోత ఆగాక ఖాళీ సిలిండర్లు తెరుచుకోవచ్చు, కానీ అప్పుడు ఒత్తిడి తగ్గి తడి మాత్రం ఫిల్టర్‌లోకి పోతూనే ఉంటుంది. మర్నాడు అదే చేశాను. రెండు దెబ్బలు కొట్టి మిషను సద్దుమణిగింది. ఓనర్ భుజం తట్టాడు. ఆ సగం సిలిండర్‌ను ఎవరూ కదపొద్దని షాపులో అందరికీ చెప్పాను. ఓనర్ లేని రోజు చూసి గుట్టుగా వాల్వు మార్చేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మోత వినపడకపోయేసరికి మర్చిపోయాను. మర్చిపోయానా, మర్చిపోవడం సుఖంగా ఉందని ఊరుకున్నానా?

సైదులు గురించి చెప్పాలి. నకిరేకల్ దగ్గర పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో కిరాయికి ఉండేవాడు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఫ్యాక్టరీల ట్యాంకులు కడిగించే కాంట్రాక్టర్ దగ్గర పని. ఒకప్పుడు బాగా తాగేవాడు. కూతురు పుట్టాక మానేశాడు. మానేశానని తనే అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. వాళ్ల ఆవిడ లక్ష్మమ్మ మాత్రం ఇంకా పూర్తిగా నమ్మేది కాదు, వాసన చూసే ఇంట్లోకి రానిచ్చేదట.

ఒకరోజు వాళ్ల వ్యాను సిలిండర్ల కోసం వచ్చి నిలబడింది. కరెంటు పోయింది. కాంప్లెక్స్ జనరేటర్ మీద మా మిషను కూడా నడుస్తుంది. దాని పొగ గొట్టం ఆ సందులోకే. అలాంటప్పుడు నింపకూడదు. ఫిల్టర్ ఉందిలే అని నింపేవాళ్లం. ఆ రోజు ఫిల్టర్‌ను నమ్మకూడదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వ్యాను హారన్ కొడుతోంది. నింపి ఇచ్చాను.

సైదులు ట్యాంకులోకి దిగిన కాసేపటికే తూలుకుంటూ పైకి వచ్చాడట. నిచ్చెన చివర పట్టు తప్పి పడ్డాడు. తుంటి విరిగింది. గాలి చాలకనా అంటే, సిలిండర్‌లో ఇంకా గాలి ఉంది. మరెందుకు తూలాడు? పాత తాగుబోతు కదా, పొద్దున్నే తాగి దిగాడు అన్నాడు కాంట్రాక్టర్. అందరూ ఔనన్నారు. ఆ కంగారులో సిలిండర్ తెరిచి వదిలేశారు, పరీక్ష చేయడానికి గాలి మిగల్లేదు. నేను మర్నాడే వాల్వు, ఫిల్టర్ రెండూ మార్చేశాను. అంత తొందర ఎందుకని ఎవరూ అడగలేదు.

దవాఖాన నుంచి వచ్చాక చంకలో కర్రలతో సైదులు మా షాపుకు వచ్చాడు. వెనక లక్ష్మమ్మ ఉంది.

“అన్నా, నువ్వు చెప్తే నమ్ముతరు. గా గాలిల ఏమన్న తేడా ఉండెనా?”

“ఏం లేదు సైదులూ. గాలి మంచిగనే ఉండె.”

“మరి నాకు గట్ల తల తిరుగుడేంది? నేను తాగలే అన్నా. బిడ్డ మీద ఒట్టు.”

“నాకేం ఎర్క? గాలి అయితే మంచిగనే ఉండె.”

అతను నన్ను చూడలేదు, భార్యను చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది. కర్రలు సరిచేసుకుంటూ అతను వెనక వెళ్లాడు. ఒక్క మాట చాలు, పిలిచి చెప్పొచ్చు. నేను మిషను దగ్గరికి వెళ్లిపోయాను. ఆ నెలలోనే ఆమె కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందని తర్వాత విన్నాను. తుంటి విరిచింది నా గాలి అనుకుంటే, ఇల్లు విరిచింది నా మాట. గాలికైనా పొగ, కరెంటు అని సాకులు చెప్పుకోగలను. మాటకు ఏ సాకూ లేదు.

ఇప్పుడు సైదులు ఎల్‌బీ నగర్‌లో బస్సులు ఆగే చోట ప్యాసింజర్లను పిలుస్తుంటాడు. కుంటుతూ. ఒంటరిగా ఉంటున్నాడు. నేను మెట్రో దిగి, అతను కనిపిస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. మొన్న తప్పించుకోలేకపోయాను. ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, అప్పట్ల నీ గాలి మీద అనుమానపడ్డ. తప్పయింది. గింత మంది అన్నంక నాకే అనిపిస్తుంది, ఆ పొద్దు తాగిన్నేమో అని. యాదికొస్తలేదు. మనసుల పెట్టుకోకు.”

నేనేమన్నానో తెలుసా? “పర్లేదు లే సైదులూ” అన్నాను. అతన్ని క్షమించి వచ్చాను. అతని పనిని, ఇంటిని పోగొట్టి, చివరికి తన మీద తనకున్న నమ్మకం కూడా లాగేసుకున్నాను.

అతనికి ఎదురుగా చెప్తానా? చెప్పాలి. లక్ష్మమ్మకూ చెప్పాలి. చెప్తానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో చూశారు కదా. ఇక్కడ మాత్రం రాస్తున్నాను, ముందు నా కళ్లతో నేను చదువుకోవడానికి. సైదులు ఆ రోజు తాగలేదు. వాల్వు పోయిందని తెలిసి, పొగ వస్తోందని తెలిసి, ఆ గాలి నింపి ఇచ్చింది నేను.