ఓడలో అరబస్తా మిరపకాయలు

మొన్న సెలవులో సత్తెనపల్లి కొట్లో ఎండుమిరపకాయలు కొంటూ, అలవాటు కొద్దీ ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. "ఏం వింటున్నారమ్మా, పాటలా?" అన్నాడు కొట్టతను. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి, తేమ పట్టిన కాయ నోరు విప్పదు. మిరపచేల మధ్య పుట్టి పెరిగి కూడా ఈ విద్య నేను నేర్చుకున్నది కాకినాడ రేవులో, ఓడలో కాపురమున్నప్పుడు. అదెలాగో చెప్పాలంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి.

నేను ఓడ కెప్టెన్‌ని. ఈ ముక్క ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అది రాసుకునే హక్కు రావడానికి ఇరవై ఏళ్ల పైన పట్టింది. మా ఊళ్లో పెద్ద నీళ్లంటే సాగర్ కాలవే. నా చేతికిచ్చిన మొదటి ఓడ కూడా కొత్తదేం కాదు, తుప్పు గోకితే ఓడ మిగులుతుందా అని భయపడే వయసు దానిది. మరమ్మతులకని నెల రోజులు రేవులోనే ఉంది, నేనూ అందులోనే ఉన్నాను. తర్వాత అండమాన్‌కి బియ్యం తీసుకెళ్లాలి. బియ్యం ఎక్కించే ముందు సర్వేయరు వచ్చి, సరుకు గది మూతల మీద పైపుతో నీళ్లు కొట్టిస్తాడు. లోపల చుక్క పడిందా, ఆ బియ్యం ఇంకో ఓడకి పోతాయి, నా మొదటి ప్రయాణం గంగలో కలుస్తుంది. "ఆడమనిషికిస్తే ఇంతే" అనడానికి ఆఫీసులో ఇద్దరు ముగ్గురు గొంతులు సవరించుకుని కూర్చున్నారు.

సర్వే రేపనగా నా స్నేహితురాళ్లిద్దరూ దిగారు. గుంటూరు హాస్టల్లో మా మూడు మంచాలూ వరసగా ఉండేవి. ఒకామె పర్చూరు దగ్గర మిరప వేసే రైతు, ఇంకొకామె వినుకొండలో టీచరు. నేను కెప్టెన్‌నైనందుకు పండగ చేయాలని పోర్టు పాసులు తీయించుకుని మరీ వచ్చారు. ఓడ మెట్ల మీద టీచరమ్మ మొదలుపెట్టిన ప్రార్థనకి పైకి చేరాకే ఆమెన్ పడింది. రైతమ్మ మాత్రం నెత్తిన అరబస్తా మిరపకాయలతో మేడ ఎక్కినట్టు ఎక్కేసింది.

వంట సామాను గది చూసి ఆమె మొహం చిట్లించింది. "ఏమే, ఇక్కడంతా చెమ్మ. కాయ బూజు పడుద్ది. పొడి చోటు లేదా మీ ఓడలో?"

నాకు రోషం వచ్చింది. తిన్నగా సరుకు గదిలోకి తీసుకెళ్లాను. బియ్యం కోసం కడిగి ఆరబెట్టిన చోట ఘాటు సరుకు పెట్టకూడదని ఓడలో వంటవాడికి కూడా తెలుసు. అయినా పాత స్నేహితుల ముందు గొప్పకు పోవడంలో కెప్టెనేమిటి, కూలీ ఏమిటి. దుప్పట్లు పరిచి, కల్లంలో పోసినట్టు కాయలు పల్చగా పరిచాం. సరంగు, అంటే మా పనివాళ్లకి పెద్ద, ఆకాశం వంక చూశాడు. ఆ రాత్రి వాన పడింది.

పొద్దున్నే రైతమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని కిందికి దిగింది. కాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడిస్తూ దుప్పటి చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగి, వంగి, బెత్తెడు వెడల్పున వరసగా కాయలు ఏరి వేరే పెట్టింది.

"ఇవి పలకట్లేదే. నీ ఇల్లు కురుస్తంది."

"మొన్నే నీళ్లు కొట్టి చూశాం మేడం, చుక్క పడలేదు" అన్నాడు సరంగు. నిజమే, ఇనప నేల మీద తడి జాడే లేదు. నేనూ రెండు కాయలు ఆడించాను. మొదటిది గలగలమంది, రెండోది మూగది. పైకెక్కి ఆ వరసకి సరిగ్గా పైనున్న మూత ఎత్తించి చూస్తే, దాని అంచు రబ్బరు జానెడు మేర చీలి ఉంది, మొన్నటి పరీక్ష తర్వాత మూత తీసి వేయడంలో చీలినట్టుంది. మధ్యాహ్నానికల్లా కొత్త రబ్బరు వేశాం.

సర్వేయరు వచ్చి పావుగంట నీళ్లు కొట్టించాడు. లోపల చుక్క లేదు. కానీ గదిలోకి దిగగానే మూడు తుమ్ములు తుమ్మాడు. కాయలు తీసి ఊడ్చాం గానీ ఘాటును ఊడ్చలేకపోయాం. అబద్ధం ఆడదామా అని ఒక్క క్షణం అనిపించింది. టీచరమ్మ పక్కనే ఉండేసరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ముక్కు తుడుచుకుంటూ అంతా విన్నాడు. మూతలు తీయించి రెండు గంటలు గాలి ఆడనిచ్చి, మళ్లీ వాసన చూసి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "కాయ ఏ ఊరిదండీ?" అని అడిగి ఒక పొట్లం కట్టించుకున్నాడు.

బియ్యం ఎక్కడానికి నాలుగు రోజులు పట్టింది. ఇద్దరూ కదల్లేదు. రోజూ సాయంత్రం డెక్కు మీద పండగే. ఆ కారంతో వండిన చేపల పులుసు తిని సరంగు కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మారు వడ్డించమన్నాడు. బయల్దేరే రోజు ఓడ ఒడ్డు వదులుతూ పొడుగ్గా కూసింది, ఆ కూత నా చేత్తో నేనే వేశాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు, కలగాలని కోరిక కూడా లేదు. ఒడ్డున టీచరమ్మ రెండు చేతులూ ఊపుతోంది. రైతమ్మ గుప్పిట చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, పలుకుతోందన్నట్టు తల ఊపింది.

హాస్టల్లో మేం ముగ్గురం పచ్చికాయలం. పచ్చికాయని ఎంత ఆడించినా పలకదు, దానికి ఎండలు కావాలి. మాకు ముప్ఫై ఏళ్ల ఎండలు పట్టాయి.